కడపలో 56 సైజు రోడ్ బైక్, తిమ్మిరెక్కే చేతులు: ఫ్రేమ్ మార్చాలా, సర్దుకోవాలా?

పెన్నా గట్టు, కడప:

అందరికీ నమస్కారం. నా వయసు 40, ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 68 కిలోలు. ఐదు నెలల క్రితం బెంగళూరులో ఒకాయన దగ్గర వాడిన రోడ్ బైక్ ఒకటి కొన్నాను. అల్యూమినియం ఫ్రేమ్, కార్బన్ ఫోర్క్, ముందు 50, 34 పళ్ళ చక్రాలు, వెనక 11 నుంచి 28 పళ్ళ క్యాసెట్ (గేరు చక్రాల గుత్తి). బండి శుభ్రంగా ఉంది, ధర అందుబాటులో ఉంది, ఫ్రేమ్ మీద 56 అని రాసి ఉంది. సైజు గురించి అడిగితే, సీటు కాస్త దించుకుంటే ఎవరికైనా సరిపోతుందని ఆయన చెప్పారు. మా నాన్నగారి 24 అంగుళాల సైకిల్ మీద అడ్డతొక్కుడు తొక్కి నేర్చుకున్నవాడిని కాబట్టి, సైకిల్‌కు మనిషే సర్దుకోవాలన్న నమ్మకం నాలో ఎక్కడో మిగిలి ఉన్నట్టుంది. మారుమాట్లాడకుండా డబ్బులిచ్చి తెచ్చుకున్నాను.

ప్రతి ఆదివారం తెల్లవారుజామున ఒంటిమిట్ట దాకా వెళ్ళి వస్తాను. రానుపోను సుమారు 50 కిలోమీటర్లు. వెళ్ళేటప్పుడు ఇబ్బంది ఉండదు. తిరుగు ప్రయాణంలో, గంటన్నర దాటినప్పటి నుంచి, రెండు చేతుల్లోనూ చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతాయి. ఇంటికొచ్చాక చొక్కా గుండీలు విప్పుకోవడానికి కూడా వేళ్ళు సహకరించవు. మెడ వెనక పట్టేస్తుంది. నెల రోజులుగా ఎడమ మోకాలి చిప్ప దగ్గర, ముందు వైపు, నొప్పి కూడా మొదలైంది. హ్యాండిల్ దూరంగా ఉందనిపించి సీటును రెండు సెంటీమీటర్లు ముందుకు జరిపాను, దాని ముక్కు కొంచెం కిందికి వంచాను, ఎత్తు కూడా తగ్గించాను. మొదటి వారం బాగున్నట్టే అనిపించింది గాని, ఇప్పుడు తిమ్మిరి ఇంకా ముందే మొదలవుతోంది.

రెండో సందేహం అంకెల గురించి. చేతి గడియారం సగటు వేగం, గుండె వేగం, కేలరీలు, వీఓ2 మ్యాక్స్ (ఒళ్ళు వాడుకోగల గరిష్ఠ ఆక్సిజన్), శిక్షణ భారం అంటూ ఒక పద్దు పుస్తకమే చూపిస్తుంది. ఒంటిమిట్ట దారిలోనే ఒక వారం సగటు 24 వస్తే మరో వారం 20 వస్తుంది, కష్టం మాత్రం రెండు రోజులూ ఒకటే. పవర్ మీటర్ (తొక్కే బలాన్ని వాట్లలో కొలిచే పరికరం) లేకుండా శిక్షణ దండగని ఒక మిత్రుడు అంటున్నాడు. ఈ చలికాలంలో 200 కిలోమీటర్ల బ్రెవే (గడువులోగా ముగించవలసిన దూరపు సవారీ) ఒకటి పూర్తి చేయాలని నా కోరిక. గువ్వలచెరువు ఘాట్ ఎక్కాక పైన నేను కోవా కోసం ఆగుతానని ఇంట్లో అనుకుంటున్నారు. నిజానికి ఊపిరి కోసం ఆగుతున్నాను. ఫ్రేమ్ అమ్మేసి చిన్నది కొనాలా? ఈ అంకెల్లో వేటిని పట్టించుకోవాలి?


బుక్కరాయసముద్రం, అనంతపురం:

అమ్మకానికి పెట్టే ముందు ఒక పూట కొలతలకు కేటాయించండి. మీరు రాసిన మూడు బాధల్లో కనీసం రెండు ఫ్రేమ్ వల్ల కాక, ఫ్రేమ్ పెద్దదని మీరు చేసిన సర్దుబాట్ల వల్ల వచ్చాయని నా అనుమానం.

మొదట 56 అన్న అంకె సంగతి. పాత ఉక్కు ఫ్రేముల్లో పై గొట్టం నేలకు సమాంతరంగా ఉండేది కాబట్టి సెంటీమీటర్లలో సీటు గొట్టం పొడవే సైజు అయ్యేది, ఆ అంకె చూసి బండి కొనడంలో తప్పు లేదు. 1990ల చివర్లో జెయింట్ కంపెనీ మైక్ బరోస్ రూపకల్పనతో టీసీఆర్ అనే బండి తెచ్చి, పై గొట్టాన్ని వెనక్కి వాలుగా దించిన ఫ్రేములను ప్రచారంలో పెట్టిన తర్వాత ఆ లెక్క చెదిరిపోయింది. ఇప్పుడు ఒక కంపెనీ 54 మరో కంపెనీ 52తో సమానం కావచ్చు, ఇంకొకరి దగ్గర అదే మీడియం కావచ్చు. కంపెనీలన్నిటినీ ఒకే తక్కెడలో తూచగలిగినవి స్టాక్, రీచ్ అన్న రెండు కొలతలే. రెండు క్రాంకులూ (పెడళ్ళను మోసే కడ్డీలు) తిరిగే పెడళ్ళ ఇరుసు మధ్య నుంచి, ఫ్రేముకు ముందుండే నిలువు గొట్టం, అంటే హెడ్ ట్యూబ్, పై అంచు దాకా నిలువుగా ఎంత ఎత్తు ఉందో అది స్టాక్; అదే రెండు బిందువుల మధ్య అడ్డంగా ఎంత దూరం ఉందో అది రీచ్. మొదటిది మీరు ఎంత వంగాలో చెబుతుంది, రెండోది ఎంత చాచాలో చెబుతుంది. సీటు గొట్టం పొడవు ఈ రెండింటినీ చెప్పదు.

ఇక మీ శరీరం. చెప్పులు లేకుండా గోడకు ఆనుకొని నిలబడి, గట్టి అట్ట ఉన్న లావుపాటి పుస్తకం ఒకటి కాళ్ళ మధ్య పెట్టుకొని, సీటు మీద కూర్చున్నప్పుడు ఎంత ఒత్తిడి ఉంటుందో అంత గట్టిగా పైకి నొక్కి, దాని పై అంచు దగ్గర గోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టించుకోండి. నేల నుంచి ఆ గీత దాకా ఉన్నది మీ ఇన్‌సీమ్. ప్యాంటు కొలత ఇక్కడ పనికిరాదు, మూడు నాలుగు సెంటీమీటర్లు తక్కువ చూపిస్తుంది. ఇన్‌సీమ్‌ను 0.883తో గుణిస్తే పెడళ్ళ ఇరుసు మధ్య నుంచి సీటు పై భాగం దాకా ఉండవలసిన ఎత్తు వస్తుంది. సైకిల్ పందేల ఛాంపియన్ గ్రెగ్ లెమాండ్ పేరుతో ప్రసిద్ధమైన లెక్క ఇది. చివరి మాట కాదు గాని మంచి మొదటి మాట. సరిచూసుకోవడానికి, గోడ పట్టుకొని సీటు మీద కూర్చొని, పెడల్ అడుగుకు వచ్చినప్పుడు మడమను దాని మీద ఆనించండి. మోకాలు సరిగ్గా నిటారుగా రావాలి, నడుము పక్కకు ఒరగకూడదు.

సీటు ముక్కు విషయంలో మేస్త్రీలు వాడే రసమట్టం తెచ్చుకోండి. సీటు మీద పొడవునా ఒక చెక్క స్కేలు పెట్టి, దాని మీద రసమట్టం ఉంచితే బుడగ ఎటు పోయిందో కళ్ళకు కనబడుతుంది. ముక్కు కిందికి వంగిన సీటు మీద కూర్చున్న మనిషి తనకు తెలియకుండానే ముందుకు జారుతూ ఉంటాడు, ఆ జారుడును ఆపే పని రెండు అరచేతుల మీద పడుతుంది. సీటును ముందుకు జరిపినా ఇంతే: నడుము పెడళ్ళకు దగ్గరైన కొద్దీ పై శరీరపు బరువు ముందుకు వాలి చేతుల్లోకి దిగుతుంది. చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కాయంటే అరచేతి అంచు గుండా వెళ్ళే అల్నార్ నరం నలుగుతోందన్నమాట. హ్యాండిల్ దగ్గరైతే బాధ తగ్గుతుందని మీరు సీటు జరిపారు, నరం మీద బరువు పెరిగింది. మోకాలి ముందు నొప్పికి కూడా మరీ కిందికి దిగిన సీటు, మరీ ముందుకు జరిగిన సీటు మామూలు కారణాలు.

కాబట్టి వరుస ఇదీ: ముందు పాదాలు, తర్వాత సీటు, చివరికి చేతులు. పెడళ్ళను బట్టి సీటు ఎక్కడ ఉండాలో తేల్చండి. క్రాంకులు నేలకు సమాంతరంగా ఉంచి, ముందున్న మోకాలి చిప్ప కింది ఎముక నుంచి తూకంగుండు వేలాడదీస్తే దారం ఆ పాదం కింది పెడల్ సొంత ఇరుసు మీదుగా పోవాలన్నది పాత పద్ధతి. దానికి భౌతికశాస్త్రపు ఆధారం లేదని సైకిళ్ళ రూపకర్త కీత్ బాంట్రేగర్ ఎప్పుడో వివరంగా రాశాడు, నేనూ ఒప్పుకుంటాను, అయినా మొదలుపెట్టడానికి అంతకంటే సులువైన చోటు నాకు దొరకలేదు. సీటు కుదిరిన తర్వాత హ్యాండిల్ ఇంకా దూరంగా ఉంటే ఆ దూరాన్ని స్టెమ్‌తో, అంటే హ్యాండిల్‌ను ఫోర్కుకు కలిపే ముక్కతో, తగ్గించండి. ఎట్టి పరిస్థితిలోనూ సీటుతో తగ్గించకండి.

కొలతలు తీసి ఇక్కడ రాయండి.


పాత ఉక్కు ఫ్రేమ్, ప్రొద్దుటూరు:

బుక్కరాయసముద్రం అన్న చెప్పిన వరుసతో నాకు పేచీ లేదు. పెద్ద ఫ్రేమ్ అనగానే జనం బెదిరిపోతారు, దాంట్లో ఒక లాభం ఉందని చెప్పడానికే రాస్తున్నాను. పెద్ద ఫ్రేముకు స్టాక్ ఎక్కువ, అంటే హ్యాండిల్ ఎత్తుగా ఉంటుంది. నలభై దాటిన మెడలకు, నడుములకు అది వరమే. చిన్న ఫ్రేమ్ కొని దాని మీద స్పేసర్లు (స్టెమ్ కింద వేసే రింగులు) గోపురంలా పేర్చుకున్న వాళ్ళను చాలామందిని చూశాను. మలుపుల్లో కాలి బొటనవేలు ముందు చక్రానికి తగిలే బెడద కూడా చిన్న ఫ్రేముల్లోనే ఎక్కువ. సీటు దిగి బండికి అటొక కాలు ఇటొక కాలు వేసి నిలబడినప్పుడు పై గొట్టం తగలకుండా ఉంటే, పొట్టి స్టెమ్ ఒకటి వేసి చూడకుండా అమ్మవద్దు.

ఇంకో మాట. టైర్లు 25 మిల్లీమీటర్లవి అయితే, టైరు పక్క గోడ మీద 120 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) అని ఉంది కదా అని అంత గాలి కొట్టిస్తున్నారేమో చూసుకోండి. అది గరిష్ఠ హద్దు మాత్రమే. మీ బరువుకు 85, 90 చాలు. బ్రేకుకూ ఫోర్కుకూ మధ్య సందు ఉండి 28 మిల్లీమీటర్ల టైరు పట్టేటట్టయితే 70, 75తో నడపవచ్చు. రాతిలాంటి టైరు గరుకు రోడ్డు మీద ప్రతి గులకరాయి దెబ్బనూ మణికట్టుకు అందజేస్తుంది, పైగా బండి ఎగిరెగిరి పడుతూ వేగం కూడా పోగొట్టుకుంటుంది. పల్లేరుగాయలకు మాత్రం ఏ గాలి లెక్కా లేదు. రోడ్డు అంచు దిగి మట్టిలో ఆగిన ప్రతిసారీ బయలుదేరే ముందు అరచేతితో టైరు తుడుచుకోవడం అలవాటు చేసుకోండి, ముల్లు ట్యూబు దాకా దిగడానికి నాలుగైదు చుట్లు పడుతుంది.


పెన్నా గట్టు, కడప:

ఇద్దరికీ ధన్యవాదాలు. నిన్న సాయంత్రం మా అబ్బాయిని పక్కన పెట్టుకొని, పాత నిఘంటువుతో కొలిచాను. మూడుసార్లు కొలిస్తే 77.8, 78, 78.1 వచ్చింది, 78 అనుకుంటున్నాను. దాని ప్రకారం సీటు ఎత్తు 68.9 సెంటీమీటర్లు ఉండాలి. నాది 67 ఉంది. రసమట్టం పెడితే బుడగ గొట్టం అంచుకు అతుక్కుపోయింది. ముక్కు వంపు "కొంచెం" అని రాసినందుకు సిగ్గుపడ్డాను. తూకంగుండు దారం పెడల్ ఇరుసుకు మూడు వేళ్ళ ముందు పడింది. స్టెమ్ 110 మిల్లీమీటర్లు, హ్యాండిల్ వెడల్పు 44 సెంటీమీటర్లు, క్రాంక్ 172.5 మిల్లీమీటర్లు. పై గొట్టానికీ నాకూ మధ్య రెండు సెంటీమీటర్ల సందు ఉంది. కంపెనీ పట్టికలో ఈ ఫ్రేమ్ స్టాక్ 582, రీచ్ 388 అని ఉంది.


బుక్కరాయసముద్రం, అనంతపురం:

మీ ఇన్‌సీమ్‌ను పాత పద్ధతిలో 0.665తో గుణిస్తే దాదాపు 52 వస్తుంది, అంటే మీ బండి రెండు సైజులు పెద్దది. ఇది వినడానికి భయంగా ఉన్నా, రీచ్‌లో ఒక సైజుకూ తర్వాతి సైజుకూ ఉండే తేడా సాధారణంగా 5 నుంచి 10 మిల్లీమీటర్లే. రెండు సైజుల తేడా అంటే ఒకటి, రెండు సెంటీమీటర్ల మధ్య మాట. 110 స్టెమ్ తీసి 80 వేస్తే మూడు సెంటీమీటర్లు దగ్గరవుతుంది. 80 కంటే పొట్టిది మాత్రం వేయకండి, హ్యాండిల్ మరీ తేలికై చేతికి నిలకడ ఉండదు. 44 వెడల్పు మీ భుజాలకు ఎక్కువ. భుజాల ఎముకల కొసల మధ్య కొలిపించుకొని చూడండి, 40 వస్తుందని అనుకుంటున్నాను. వెడల్పు హ్యాండిల్ చేతులను పక్కలకు లాగుతుంది కాబట్టి అది కూడా చాచిన దూరంలోకే లెక్క.

సీటును ఒకేసారి 19 మిల్లీమీటర్లు ఎత్తకండి. ఐదు నెలలు కింద కూర్చున్న మోకాళ్ళు, పిక్కలు ఆ ఎత్తుకు అలవాటుపడాలి. సీట్ పోస్ట్ ఇప్పుడు ఎక్కడుందో అక్కడ ఒక చుట్టు ఇన్సులేషన్ టేపు వేసి, వారానికి ఐదు మిల్లీమీటర్ల చొప్పున పెంచండి. మోకాలి వెనక లాగుతున్నట్టు అనిపిస్తే అక్కడ ఆగి రెండు మిల్లీమీటర్లు దించండి. ముక్కును మాత్రం ఈరోజే సమం చేయండి, సీటును దాని కింది పట్టాల మధ్యకు ఈరోజే జరపండి. స్టెమ్ కింద స్పేసర్లు ఉంటే వాటిని ఇప్పుడే కదిలించవద్దు. ఒక సెంటీమీటరు స్పేసర్ తీస్తే హ్యాండిల్ కిందికి దిగడమే కాక, హెడ్ ట్యూబ్ వాలు వల్ల సుమారు 3 మిల్లీమీటర్లు దూరం కూడా అవుతుంది.

సీటు వెనక్కి వెళ్ళగానే హ్యాండిల్ మునుపటికన్నా దూరమైనట్టు అనిపిస్తుంది, కంగారుపడి మళ్ళీ ముందుకు లాగకండి. బరువు చేతుల మీద ఉందా, నడుము మీద ఉందా అన్నది తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఖాళీ రోడ్డు మీద మామూలుగా తొక్కుతూ, మోచేతులు వంచి, హుడ్స్ (బ్రేకు లివర్ల పైభాగం) మీద నుంచి రెండు అరచేతులనూ ఒక అంగుళం మాత్రమే పైకి లేపి చూడండి. ముందుకు పడిపోతున్నట్టు కాకుండా రెండు క్షణాలు నిలబడగలిగితే సీటు చోటు కుదిరినట్టే.

తిమ్మిరి బండి దిగిన మర్నాడు కూడా ఉంటే, పట్టు తగ్గితే, ఇక కొలతలు పక్కన పెట్టి వైద్యుడికి చూపించండి.


హంద్రీ ఒడ్డు, కర్నూలు:

ఫ్రేమ్ గురించి పెద్దలు చెప్పారు కాబట్టి అంకెల గురించి రాస్తాను.

సగటు వేగాన్ని రాసుకోవడం నేను మూడేళ్ళ క్రితం మానేశాను. మన రాయలసీమ రోడ్ల మీద అది మీ కాళ్ళ గురించి చెప్పేదానికంటే గాలి గురించి చెప్పేది ఎక్కువ. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో తొక్కుతున్నప్పుడు ఎదురుగా 15 కిలోమీటర్ల గాలి వీచిందనుకోండి, మీ ఒంటికి తగిలే గాలి వేగం 40 అవుతుంది. గాలి అడ్డు వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, అదే 25ను నిలబెట్టుకోవడానికి గాలి మీద పెట్టవలసిన బలం రెండున్నర రెట్లు దాటుతుంది. ఆషాఢ మాసంలో అనంతపురం వైపు గాలిమరలు తిరిగే తీరు చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. పైగా తిరుగు దారిలో గాలి తోడై ఇచ్చేది, పోయేటప్పుడు లాక్కున్నదానికి ఎప్పుడూ సరిపోదు. 30 కిలోమీటర్లు 18తో వెళ్ళి, అదే 30 కిలోమీటర్లు 32తో తిరిగి వస్తే సగటు 25 రాదు, 23 వస్తుంది, ఎందుకంటే నెమ్మదిగా గడిచిన సమయమే ఎక్కువ. మీ 20, 24 సగటుల వెనక ఉన్నది ఇదే.

గుండె వేగం పనికొచ్చే అంకె, అయితే దాన్ని చదివే పద్ధతి ఉంది. 220లో నుంచి వయసు తీసేస్తే గరిష్ఠ గుండె వేగం వస్తుందన్నది అందరికీ తెలిసిన సూత్రం. 2001లో తనాకా బృందం ఇచ్చిన సూత్రం ప్రకారం 208లో నుంచి వయసులో 0.7 వంతు తీసేయాలి. మీ వయసు 40 కావడం వల్ల రెండు సూత్రాలూ సరిగ్గా 180 అంటాయి. ఇద్దరు సాక్షులు ఒకే మాట చెప్పారు కదా అని నమ్మకండి. ఆ 180 జనం సగటు, ఒక్కొక్క మనిషికి పది, పన్నెండు స్పందనలు ఇటూ అటూ ఉండడం సహజం. నాకు 46 ఏళ్ళు, సూత్రాల ప్రకారం 174 లేదా 176 రావాలి, జగన్నాథగట్టు మీద 185 చూశాను. గడియారం ఆ సూత్రం మీదే శ్రమ స్థాయిలు గీసి, మామూలుగా తొక్కుతున్న నన్ను రోజూ ప్రమాదంలో ఉన్నావని హెచ్చరించేది.

అందుకని గరిష్ఠాన్ని వదిలేసి, మీరు నిలకడగా మోయగలిగిన హద్దును కనుక్కోండి. బాగా వేడెక్కాక, ఆగే అవసరం లేని రోడ్డు మీద 30 నిమిషాలు ఒంటరిగా, మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరుగా, మీకు సాధ్యమైనంత గట్టిగా తొక్కి, చివరి 20 నిమిషాల సగటు గుండె వేగం చూసుకోండి. జో ఫ్రీల్ అనే శిక్షకుడు ప్రచారం చేసిన పరీక్ష ఇది. గుండెకు, రక్తపోటుకు సంబంధించిన ఇబ్బందులు ఏవైనా ఉంటే డాక్టరును అడగకుండా చేయవద్దు. గువ్వలచెరువు ఘాట్ మీద మాత్రం అసలే వద్దు, ఆ మలుపుల్లో లారీల మధ్య కళ్ళు రోడ్డు మీద ఉండాలి గాని గడియారం మీద కాదు. మణికట్టు గడియారం గతుకుల రోడ్డు మీద తరచు తప్పు చెబుతుంది. ఛాతీకి కట్టుకునే పట్టీ ఒకటి కొనుక్కోండి, పవర్ మీటర్ ధరలో అది చాలా చిన్న భాగం.

ఎండను కూడా లెక్కలోకి తీసుకోండి. జనవరిలో జగన్నాథగట్టును నేను 150 సగటుతో ఎంత సేపట్లో ఎక్కానో, ఏప్రిల్లో అంతే సేపట్లో ఎక్కితే 159 వచ్చింది. ఫిట్‌నెస్ పోయిందని దిగులుపడ్డాను. చర్మాన్ని చల్లబరచడానికి రక్తం అటు మళ్ళుతుంది, చెమటతో నీరు పోతుంది, గుండె అదే పనికి ఎక్కువసార్లు కొట్టుకోవలసి వస్తుంది, అంతే. సుదీర్ఘమైన సవారీలో మొదటి సగానికీ రెండో సగానికీ వేగం తగ్గకుండానే గుండె వేగం ఐదు శాతం లోపు పెరిగితే మీ ఓపిక బాగున్నట్టు. అంతకు మించితే దూరం మీకు ఇంకా ఎక్కువ, లేదా నీళ్ళు తక్కువ తాగారు.

మీ మిత్రుడి పవర్ మీటర్ గురించి: మంచి వస్తువే. 20 నిమిషాల గట్టి ప్రయత్నపు సగటు వాట్లలో 95 శాతం తీసుకొని దాన్ని ఎఫ్‌టీపీ (గంట సేపు నిలబెట్టగల బలం అంచనా) అంటారు, మిగిలిన లెక్కలన్నీ దాని చుట్టూ తిరుగుతాయి. ఆ స్థాయిలో ఒక గంట తొక్కితే శిక్షణ భారం 100. దానిలో 80 శాతం బలంతో గంట తొక్కితే 80 కాదు, 0.8 వర్గం లెక్కన 64. గాలికీ ఎండకూ వాట్లు మారవు, అదే దాని గొప్పతనం. కానీ మీకు గుట్ట ఉంది కదా, అదే పైసా ఖర్చులేని పవర్ మీటర్. మీరు, బండి, నీళ్ళు కలిపి 80 కిలోలు అనుకుందాం. నిలువుగా 200 మీటర్ల ఎత్తును 20 నిమిషాల్లో ఎక్కితే, 80ని 9.81తో, 200తో గుణించి 1200 సెకన్లతో భాగించండి: 131 వాట్లు. అది భూమి ఆకర్షణకు కట్టిన మూల్యం. ఐదు శాతం వాలున్న రోడ్డయితే వేగం 12 ఉంటుంది, టైర్ల రాపిడికీ గాలికీ చైనుకూ కలిపి ఇంకో 25 వాట్లు వేసుకుంటే దాదాపు 155. వచ్చే నెల అదే గుట్టను, అదే గుండె వేగంతో, 19 నిమిషాల్లో ఎక్కితే మీరు బలపడ్డారు. దీనికి యాప్ కూడా అక్కరలేదు.

గుట్ట ఎక్కేటప్పుడు కాలి వేగాన్ని, అంటే నిమిషానికి పెడల్ ఎన్ని చుట్లు తిరుగుతోందో, చూసుకోండి. ముందు 34, వెనక 28 పళ్ళతో నిమిషానికి 80 చుట్లు తిప్పితే వేగం 12 దాటుతుంది. మీరు అంతకంటే నెమ్మదిగా ఎక్కుతుంటే చుట్లు 60కి పడిపోయి, ప్రతి చుట్టులో మోకాలి మీద బరువు పెరుగుతుంది. వెనక 32 పళ్ళ క్యాసెట్ వేయిస్తే 80 చుట్లకు వేగం 10.7 అవుతుంది. మీ డీరెయిలర్ (గేరు మార్చే పరికరం) దాన్ని భరిస్తుందో లేదో ముందు కనుక్కోండి. మీ మోకాలి నొప్పిలో సగం పాపం ఆ 28 పళ్ళదే అయినా ఆశ్చర్యపోను.

కేలరీలు, వీఓ2 మ్యాక్స్ అన్నవి గడియారం వేసిన అంచనాలు, చూసి నవ్వుకోండి. వారం భారానికి వ్యాయామ శాస్త్రవేత్త కార్ల్ ఫోస్టర్ పద్ధతి చాలు: దిగిన అరగంటకు, ఎంత కష్టమనిపించిందో పదికి ఒక అంకె వేసి, తొక్కిన నిమిషాలతో గుణించండి. 90 నిమిషాలు, కష్టం 5 అయితే 450. వారం మొత్తం కూడి, పోయిన వారంతో పోల్చుకోండి. ఒక్కసారిగా ఎగబాకితే మర్నాడు మోకాలే చెబుతుంది.

బ్రెవే విషయంలో మీ భయం అనవసరం. 200 కిలోమీటర్లకు గడువు పదమూడున్నర గంటలు, తిండికి, పంక్చర్లకు, టీలకు ఆగిన సమయం అంతా కలుపుకొని సగటు 15 కంటే తక్కువే. మీ వేగం చాలు. ఎనిమిది గంటలు ఆ సీటు మీద కూర్చోగలరా అన్నదే ప్రశ్న, దానికి జవాబు పై వాళ్ళు ఇచ్చేశారు.


పెన్నా గట్టు, కడప:

నాలుగు వారాల తర్వాత రాస్తున్నాను. సీటు 68.5 దగ్గర ఆగింది, 68.9కి ఎత్తితే కుడి మోకాలి వెనక లాగింది. ముక్కు సమం చేసిన మొదటి ఆదివారమే తిమ్మిరి తిరుగు దారిలో భాకరాపేట దాటేదాకా రాలేదు. అయితే సీటు వెనక్కి వెళ్ళాక భుజాలు చాచినట్టయి మెడ ఇంకా పట్టేసింది, అన్న ముందే చెప్పి ఉండకపోతే మళ్ళీ జరిపేవాడినే. 80 స్టెమ్, 40 హ్యాండిల్ బెంగళూరు నుంచి తెప్పించి, ఇక్కడి మెకానిక్ దగ్గర కూర్చొని వేయించుకున్నాను. పాత కేబుళ్ళు పొడవు ఎక్కువై ముందు మీసాల్లా వంగి ఉన్నాయి గాని పనిచేస్తున్నాయి. నిన్న 82 కిలోమీటర్లు తొక్కాను. వేళ్ళు బాగున్నాయి, మెడ కొద్దిగా పట్టింది, మోకాలి నొప్పి లేదు. 30 నిమిషాల పరీక్షలో నా హద్దు 161 వచ్చింది.

ఒక్క సందేహం మిగిలింది. ఈ ఎత్తుకు 172.5 క్రాంక్ ఎక్కువని ఒకచోట చదివాను. 170 వేయించాలా?


బుక్కరాయసముద్రం, అనంతపురం:

మోకాలు బాధపెట్టనంత కాలం ఆ డబ్బులు 32 పళ్ళ క్యాసెట్ మీద పెట్టండి. క్రాంకులు అరిగి మార్చవలసి వచ్చినప్పుడు 170 వేయించుకొని, ఆ రోజే సీటును రెండున్నర మిల్లీమీటర్లు పైకి ఎత్తండి.